రచ్చ గెలిచి ఇంటికి రాలేకపోతున్న అరబ్ సినిమా

2021 జూలైలో కేన్స్ ఫెస్టివల్లో క్రిటిక్స్ వీక్ అనే విభాగం గ్రాండ్ ప్రైజ్ ఒక ఈజిప్ట్ సినిమాకి వచ్చింది. పేరు ఫెదర్స్, అంటే ఈకలు. డైరెక్టర్ ఒమర్ ఎల్ జొహైరీకి అదే మొదటి ఫీచర్ ఫిల్మ్. కథ వింటే నవ్వొస్తుంది. కొడుకు పుట్టినరోజుకి ఇంటికొచ్చిన మేజిక్ వాడు తండ్రిని కోడిగా మార్చేస్తాడు, మళ్ళీ మనిషిని చెయ్యడం వాడికి చేతకాదు, ఇక ఆ కోడిని, పిల్లల్ని, అప్పుల్ని, ఇంటద్దెని అన్నిటినీ ఆ ఇల్లాలే ఈదుకురావాలి. ఆ ప్రైజ్ ఒక ఈజిప్ట్ సినిమాకి రావడం అదే మొదటిసారి, కాబట్టి సొంత దేశంలో నెత్తిన పెట్టుకుంటారనే ఎవరైనా అనుకుంటారు. అక్టోబర్లో అదే సినిమాని ఎర్ర సముద్రం ఒడ్డునున్న ఎల్ గూనా ఫెస్టివల్లో వేస్తే పేరున్న నటులు కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. ఈజిప్ట్ పరువు తీసే సినిమా ఇది, ఇంత దరిద్రం మన దగ్గర ఎక్కడుంది అన్న గొడవ టీవీల్లో, సోషల్ మీడియాలో రోజుల తరబడి నడిచింది. తమాషా ఏంటంటే అదే ఫెస్టివల్ చివర్లో ఉత్తమ అరబ్ కథాచిత్రం అవార్డు మళ్ళీ దానికే ఇచ్చింది.

మన దగ్గర ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. అరబ్ సినిమాలో చాలా ఏళ్ళుగా ఈ సామెత తిరగబడి నడుస్తోంది, ముందు రచ్చ గెలవాలి, ఆ గెలుపు చేత్తో పట్టుకుని ఇంటికి రావాలి, వచ్చాక ఇంట్లోవాళ్ళు తలుపు తీస్తారా లేదా అన్నది వాళ్ళిష్టం. డైరెక్టర్ల ఫారిన్ మోజు వల్లే ఇదంతా అని తేల్చేస్తే పని సులువైపోతుంది, చాలామంది అలాగే తేలుస్తారు కూడా. కానీ డబ్బు ఎక్కడ్నుంచి వస్తోంది, థియేటర్లు ఎన్నున్నాయి, సెన్సార్ ఎవరి చేతిలో ఉంది, ఒక అరబ్ దేశం మాట ఇంకో అరబ్ దేశానికి అర్థమవుతుందా లేదా, ఇవి చూస్తే గానీ అసలు సంగతి బోధపడదు.

మొదలు ఈజిప్ట్ నుంచే చూడాలి, ఎందుకంటే మిగతా అరబ్ దేశాలకి లేనిది దానికి ఒకటుంది, సొంత ఇండస్ట్రీ. 1935లో తలాత్ హర్బ్ అనే ఆయన పెట్టిన బ్యాంక్ మిస్ర్ డబ్బుతో కైరోలో స్టూడియో మిస్ర్ మొదలైంది, అప్పట్నుంచి కైరో అంటే అరబ్ ప్రపంచానికి మన మద్రాసూ బొంబాయీ కలిపినంత. పాటలు, డాన్సులు, కన్నీళ్ళు, కామెడీ, స్టార్లు అన్నీ అక్కడ్నుంచే. మొరాకో వాళ్ళు మాట్లాడితే కువైట్ వాళ్ళకి సగం అర్థం కాదు గానీ ఈజిప్ట్ యాస మాత్రం ఇద్దరికీ అర్థమవుతుంది, సినిమాలు చూసీ చూసీ వచ్చిన అలవాటు అది. మనకి సంక్రాంతి ఎలాగో వాళ్ళకి ఈద్ సీజన్ అలాగ, పెద్ద హీరోల సినిమాలు అప్పుడే దిగుతాయి. ఇలాంటి మార్కెట్‌కి ఫెస్టివల్స్‌తో పనేముంది? అందుకే అక్కడ అఫ్లామ్ మహ్రగనాత్ అని ఒక మాటుంది, ఫెస్టివల్ సినిమాలు అని అర్థం, పొగడ్త మాత్రం కాదు. మనవాళ్ళు అవార్డు సినిమారా బాబూ అని పెదవి విరుస్తారే, అచ్చం అదే విరుపు.

ఈ విరుపు రుచి అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చూసింది యూసఫ్ షహీన్. అలెగ్జాండ్రియాలో 1926లో పుట్టినాయన. 1958లో కైరో స్టేషన్ తీశాడు, స్టేషన్‌లో పేపర్లు అమ్ముకునే కుంటి కుర్రాడు, కూల్ డ్రింకులు అమ్మే పిల్ల మీద వాడి పిచ్చి ప్రేమ, ఆ ప్రేమ ముదిరి కత్తి దాకా పోవడం. ఆ కుర్రాడి వేషం షహీనే వేశాడు. సినిమాలో ఫరీద్ షౌకీ ఉన్నాడు, అప్పట్లో ఆయనంటే ఫైట్లు, మాస్. జనం ఆయన కోసం వెళ్ళి కూచుంటే తెర మీద ఇదేదో మనసు బాగోలేని వాడి కథ నడుస్తోంది, ఒళ్ళు మండిపోయింది, సినిమా ఘోరంగా పోయింది. అదే ఏడాది బెర్లిన్ కాంపిటీషన్‌లో ఉన్న సినిమా అది. దాదాపు రెండు దశాబ్దాలు గడిచాక గానీ ఈజిప్ట్ దాన్ని మళ్ళీ తీసి చూసుకుని క్లాసిక్ అనలేదు. షహీన్ మాత్రం ఆగలేదు, 1979లో అలెగ్జాండ్రియా వై సినిమాకి బెర్లిన్లో సిల్వర్ బేర్ తెచ్చాడు, 1997లో కేన్స్ తన యాభయ్యో ఫెస్టివల్ సందర్భంగా ఇచ్చిన ప్రత్యేక బహుమతిని జీవితకాల కృషికి గాను ఆయన చేతిలో పెట్టింది. ఈ రెండు బహుమతుల మధ్య కాలంలో ఆయన సినిమాల వెనక ఒక ఫ్రెంచ్ ప్రొడ్యూసర్ కనిపిస్తాడు, అంబెర్ బల్సాన్ అని. ఆయన పేరు ఇంకోచోట కూడా వస్తుంది, గుర్తుంచుకోవాలి.

అల్జీరియా దారి పూర్తిగా వేరు. 1962లో ఫ్రాన్స్ నుంచి స్వతంత్రం వచ్చింది, కొత్త ప్రభుత్వం థియేటర్లని జాతీయం చేసింది, యుద్ధం కథ ప్రపంచానికి మనమే చెప్పాలి అని సినిమాలకి ఖజానా నుంచి డబ్బిచ్చింది. ఆ డబ్బుతోనే మొహమ్మద్ లఖ్దర్ హమీనా దాదాపు మూడు గంటల సినిమా తీశాడు, క్రానికల్ ఆఫ్ ది ఇయర్స్ ఆఫ్ ఫైర్, కరువు దెబ్బకి పల్లె వదిలి వెళ్ళిన ఒక రైతు కళ్ళతో స్వతంత్ర పోరాటం దాకా జరిగిన కథ. 1975లో కేన్స్‌లో దానికి పామ్ డోర్ వచ్చింది. నిన్నటిదాకా ఏలిన దేశం గడ్డ మీద, వాళ్ళని ఎదిరించిన కథకి, వాళ్ళ అతిపెద్ద బహుమతి. అప్పట్నుంచి 2025 దాకా ఏ అరబ్ దేశపు సినిమాకీ మళ్ళీ అది రాలేదు. 2013లో పామ్ డోర్ అందుకున్న అబ్దెల్లతీఫ్ కెషీష్ ట్యునీషియాలో పుట్టినవాడే గానీ ఆ సినిమా ఫ్రాన్స్‌ది. హమీనా 2025 మే 23న పోయారు, అదే రోజు కేన్స్‌లో ఆ పాత సినిమా బాగుచేసిన కొత్త ప్రింట్ వేస్తున్నారు. ఇలాంటివి స్క్రిప్టులో రాస్తే అతిగా ఉందని కొట్టేస్తారు.

హమీనా గెలిచింది సొంత ప్రభుత్వం డబ్బుతో. తర్వాత తరానికి ఆ వసతి లేకుండా పోయింది, 90లలో అల్జీరియాలో అంతర్యుద్ధం, ప్రభుత్వ సినిమా సంస్థలు మూతపడటం, లెబనాన్లో అప్పటికే 15 ఏళ్ళ యుద్ధం, సిరియాలో ప్రభుత్వం డబ్బిస్తుంది గానీ కొన్ని సినిమాలు తీయించుకుని తనే తొక్కిపెడుతుంది. అప్పుడు మిగిలిన దారి యూరప్. ఫ్రాన్స్‌లో పేద దేశాల సినిమాల కోసం 1984లోనే ఒక ఫండ్ ఉండేది, 2012 నుంచి దాని స్థానంలో ఎయిడ్ టు వరల్డ్ సినిమా అనే స్కీమ్ వచ్చింది, ఇది కాక రోటర్‌డామ్ ఫెస్టివల్‌కి హ్యూబర్ట్ బాల్స్ ఫండ్, బెర్లిన్ ఫెస్టివల్‌కి వరల్డ్ సినిమా ఫండ్ ఉన్నాయి. ఇవి దానధర్మాలేం కాదు, వీటికి రూల్స్ ఉంటాయి. ఫ్రెంచ్ డబ్బు కావాలంటే ఫ్రెంచ్ ప్రొడ్యూసర్ ఒకరు ఉండాలి, ఆ డబ్బులో పెద్ద భాగం అక్కడే ఖర్చవ్వాలి, అందుకే ట్యునిస్‌లో షూట్ చేసిన సినిమాకి మిక్సింగ్, కలర్ పనులు పారిస్‌లో జరుగుతాయి. స్క్రిప్ట్ చదివే కమిటీకి అరబిక్ రాదు కాబట్టి ముందు ఫ్రెంచ్‌లోనో ఇంగ్లీష్‌లోనో రాయాలి. అంటే అమ్మాన్‌లో ఒక తల్లి కొడుకుని తిట్టే తిట్టు కూడా ముందు పారిస్‌లో కూచున్న మనిషికి అర్థమవ్వాలి, ఆ తర్వాతే కెమెరా ముందుకొస్తుంది. ఎవరూ ఇది మార్చు అని నోటితో చెప్పకపోవచ్చు, నాలుగు ఫండ్లు నాలుగు అభిప్రాయాలు చెప్పేసరికి రాసేవాడి చెయ్యే తనంతట తాను మారిపోతుంది. ఒక్కో సినిమాకి ఇలా అప్లికేషన్లు, స్క్రిప్ట్ ల్యాబ్‌లు, మీటింగులతో ఐదారేళ్ళు పడుతుంది, చివర్లో టైటిల్స్ పడేటప్పుడు ఫ్రాన్స్, జర్మనీ, ఖతార్, నార్వే అని లోగోలు వరసగా వస్తూనే ఉంటాయి, మన సినిమాల ముందు పొగాకు ప్రకటన అయ్యేంత టైమ్ పడుతుంది అనిపిస్తుంది.

ఇంట్లో చివరికి చూడటానికి ఇంకో కారణం మరీ చిన్నది, ప్రీమియర్ రూల్. వెనిస్ కాంపిటీషన్‌కి వెళ్ళాలంటే సినిమా అంతకుముందు బయట ఎక్కడా వేసి ఉండకూడదు. కాబట్టి బీరూట్‌లో తీసిన సినిమా బీరూట్‌లో ముందు వెయ్యడం అంటే దాని ఫ్యూచర్‌ని చేతులారా చంపుకోవడమే. అక్కడ గెలిచాక సేల్స్ ఏజెంట్ దేశదేశాలకి అమ్ముతాడు, ఏడాది పాటు ఫెస్టివల్స్ తిరుగుతుంది, ఆ తర్వాత ఎప్పుడో సొంతూరు. ఆపాటికి ఆ సినిమా గురించి పేపర్లలో మంచీ చెడూ అన్నీ వచ్చేసి ఉంటాయి, సినిమా చూడకుండానే జనం ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంటారు. ఫెదర్స్ గొడవలో సినిమాని తిట్టినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని చూసే ఛాన్సే లేనివాళ్ళు, అప్పటికి అది మామూలు థియేటర్లలోకి రానేలేదు.

ఈ పద్ధతిలో అన్నిటికంటే చిక్కుముడి పాలస్తీనా సినిమా. ఫెస్టివల్ అంటే ప్రతి సినిమా పక్కన ఒక దేశం పేరు రాయాలి, మరి దేశమే గొడవలో ఉంటే? నజరెత్‌లో పుట్టిన ఎలియా సులేమాన్ మొదటి ఫీచర్ క్రానికల్ ఆఫ్ ఎ డిసప్పియరెన్స్ 1996లో వెనిస్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి గెలిచింది. దాని చివర్లో ముసలి తల్లిదండ్రులు టీవీ ముందు నిద్రపోతుంటారు, టీవీలో ఇజ్రాయెల్ జెండా, జాతీయ గీతం. ఆ వెటకారం ఎంత చేదో కుర్చీల్లో కూచున్నవాళ్ళకి తెలియాలి, కానీ ట్యునీషియాలో కార్తేజ్ ఫెస్టివల్‌కి తీసుకెళ్తే ఇజ్రాయెల్ జెండా చూపించావు, ఇజ్రాయెల్ ఫండ్ తీసుకున్నావు అని ఆయన మీదే పడ్డారు. 2002లో డివైన్ ఇంటర్వెన్షన్‌కి కేన్స్ జ్యూరీ ప్రైజ్ ఇచ్చింది, పాలస్తీనా నాయకుడు అరాఫత్ బొమ్మ ఉన్న ఎర్ర బెలూన్ చెక్‌పోస్ట్ మీదుగా తాపీగా ఎగురుకుంటూ జెరూసలేం వైపు పోతుంటే సైనికులు కాల్చాలా వద్దా అని తికమకపడే సీన్ అందులోదే. దీని ప్రొడ్యూసరే పైన చెప్పిన బల్సాన్. ఆస్కార్‌కి పంపే దగ్గర పాలస్తీనా ఐక్యరాజ్యసమితి గుర్తించిన దేశం కాదు కదా అన్న పేచీ వచ్చింది, పెద్ద రచ్చయ్యాక మరుసటి ఏడాది పాలస్తీనా ఎంట్రీగా తీసుకున్నారు. 2005లో హనీ అబు అసద్ తీసిన పారడైజ్ నౌ నామినేషన్ దాకా వెళ్ళింది, అప్పుడు దేశం పేరు ఎలా రాయాలి అని తన్నుకులాట, ప్రకటనలో పాలస్తీనియన్ టెరిటరీస్ అన్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే డైరెక్టర్ సినిమా ఒమర్ నామినేట్ అయితే పాలస్తీనా అనే రాశారు. ఎనిమిదేళ్ళలో మారింది ఒక్క మాట, ఆ ఒక్క మాట కోసం విదేశాంగ శాఖలు చేసే పనిని రెండు సినిమాలు చేశాయి. 2014లో సుహా అరాఫ్ అనే డైరెక్టర్ పరిస్థితి ఇంకా విచిత్రం, ఇజ్రాయెల్ పౌరురాలైన పాలస్తీనా మనిషి, విల్లా టౌమా సినిమాకి ఇజ్రాయెల్ ఫండ్ల డబ్బు తీసుకుంది, వెనిస్‌కి పాలస్తీనా సినిమా అని పంపింది, డబ్బు వెనక్కిమ్మని గొడవ, ఆఖరికి కొన్నిచోట్ల సినిమా ఏ దేశం పేరూ లేకుండానే ఆడింది.

లెబనాన్ డైరెక్టర్ జియాద్ దువైరీకి జరిగింది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2017 సెప్టెంబర్‌లో ఆయన సినిమా ది ఇన్‌సల్ట్‌లో చేసిన కామెల్ ఎల్ బాషాకి వెనిస్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. డైరెక్టర్ బీరూట్ ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే ఆపేసి పాస్‌పోర్టులు లాక్కుని మిలిటరీ కోర్టుకి రమ్మన్నారు. కారణం ఈ సినిమా కాదు, అంతకుముందు తీసిన ది అటాక్‌లో కొంత భాగం ఇజ్రాయెల్‌లో షూట్ చేశాడు, లెబనాన్ చట్టం దానికి ఒప్పుకోదు. వదిలేశారనుకోండి, కొద్ది రోజులకే అదే లెబనాన్ అదే ది ఇన్‌సల్ట్‌ని తమ తరఫున ఆస్కార్‌కి పంపింది, దేశానికి మొట్టమొదటి నామినేషన్ అదే. ఒక చేత్తో పట్టుకోవడం, ఇంకో చేత్తో పంపించడం.

ఇక ఫెస్టివల్స్‌కి కావాల్సిన కథలు ఏంటి అన్న విమర్శ దగ్గరికి వస్తే, ఇది అరబ్ క్రిటిక్స్ చాలాకాలంగా అంటున్నదే. బురఖా, బాంబు, శరణార్థి, ఈ మూడిట్లో ఒకటుంటే పడవ దాటుతుంది, కైరోలో మధ్యతరగతి మొగుడూ పెళ్ళాల పోట్లాటకి ఎవడూ టికెట్ ఇవ్వడు అని వాళ్ళ బాధ. దీనికి ఎక్కువగా చూపించే ఉదాహరణ నదీన్ లబకి తీసిన కపర్నౌమ్, 2018లో కేన్స్ జ్యూరీ ప్రైజ్. నన్ను ఎందుకు కన్నారు అని తల్లిదండ్రుల మీద కేసేసే పిల్లవాడి కథ, ఆ వేషం వేసిన జైన్ నిజంగానే బీరూట్‌లో బతుకుతున్న సిరియా శరణార్థి పిల్లాడు. పేదరికాన్ని అందంగా ప్యాక్ చేసి అమ్మారని కొందరు ఈసడించారు, అందులో నిజం అసలు లేదని చెప్పలేం, సంగీతం ఎక్కడ ఏడవాలో దారి చూపిస్తూనే ఉంటుంది. కానీ ఆ విమర్శతో సరిపెట్టుకుంటే ఆ సినిమాలో ఉన్న ఇథియోపియా పనిమనిషి కథ కనపడకుండా పోతుంది, పాత యజమానిని వదిలొచ్చి, కాగితాల్లేక, చంటిబిడ్డని దాచుకుని బతికే మనిషి. ఆ పాత్ర వేసిన ఆవిడని షూటింగ్ టైమ్‌లో కాగితాలు లేవని నిజంగానే అరెస్ట్ చేశారు. అరబ్ దేశాల కఫాలా పద్ధతిని, అంటే వలస పనివాళ్ళ వీసా, కాగితాలు కఫీల్ అనే యజమాని చేతిలో ఉండే పద్ధతిని, ఇంత దగ్గరగా చూపించిన సినిమాలు తక్కువ, కఫీల్ అన్న మాటకి జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ఊళ్ళల్లో అనువాదం అక్కర్లేదు కాబట్టి కేన్స్‌లో చప్పట్లు కొట్టినవాళ్ళకంటే ఆ ఊళ్ళవాళ్ళకే అది ఎక్కువ అర్థమవుతుంది. పైగా సినిమాని ఆదుకున్నది యూరప్ ప్రేక్షకులు కూడా కాదు, 2019లో చైనాలో రిలీజ్ చేస్తే అక్కడే 5 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది, సుమారు 40 లక్షల డాలర్లతో తీసిన సినిమా. ఏ ఫండ్ కమిటీ ఊహించిన ప్రేక్షకుడు అది?

పడవ దాటడానికి ఆ మూడూ తప్పనిసరి కాదని చెప్పే సినిమాలు కూడా ఉన్నాయి. జోర్డాన్ నుంచి నాజి అబు నువార్ తీసిన థీబ్ ఒకటి, వాదీ రమ్ ఎడారిలో మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎడారి సంచార తెగ బెదూయిన్లలో ఒక పిల్లాడి కథ, ఇంచుమించు కౌబాయ్ సినిమా. నటించినవాళ్ళు చాలావరకు అక్కడి బెదూయిన్లే. 2014లో వెనిస్ ఒరిజోంటి విభాగంలో ఉత్తమ దర్శకుడు, ఆపైన ఆస్కార్ నామినేషన్. శరణార్థులు లేరు, ఉపన్యాసాలు లేవు, ఒంటెలు, తుపాకులు, బావి, నమ్మకద్రోహం, అంతే.

డబ్బు యూరప్ నుంచే రావాలా అని గల్ఫ్ దేశాలు 2000 తర్వాత రంగంలోకి దిగాయి. దుబాయ్ ఫెస్టివల్ 2004లో మొదలైంది, అబుదాబి 2007లో, దోహా 2009లో. ఎర్ర తివాచీలు, హాలీవుడ్ స్టార్లు, వాటితో పాటు అరబ్ డైరెక్టర్లకి నిజంగా పనికొచ్చే ఫండ్లు. కానీ ఇవి ఎంత వేగంగా లేచాయో అంత వేగంగా పడుకున్నాయి, దోహాలో ట్రైబెకా అనే న్యూయార్క్ ఫెస్టివల్ వాళ్ళతో కలిసి పెట్టిన ఫెస్టివల్ 2012తో సరి, అబుదాబి 2014తో సరి, దుబాయ్ 2017 తర్వాత మళ్ళీ జరగలేదు. దుబాయ్ మీద ఆశ పెట్టుకుని సినిమాలు ప్లాన్ చేసుకున్నవాళ్ళు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. షేక్ గారి మూడ్ మీద నడిచే సినిమా ఎన్నాళ్ళుంటుంది అని ఎవరైనా అంటే తప్పు పట్టలేం, అయినా దోహా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మాత్రం ఫెస్టివల్ పోయినా గ్రాంట్లు ఆపలేదు, 2025లో కేన్స్‌లో తొలి చిత్రానికిచ్చే కెమెరా డోర్ గెలిచిన హసన్ హదీ సినిమా ది ప్రెసిడెంట్స్ కేక్ వెనక ఆ డబ్బుంది. ఇరాక్ సినిమాకి కేన్స్‌లో బహుమతి రావడం అదే మొదలు. ఆంక్షల కాలంలో పిండీ చక్కెరా దొరకని రోజుల్లో సద్దాం పుట్టినరోజుకి కేకు చేసే డ్యూటీ స్కూల్లో తొమ్మిదేళ్ళ పిల్లకి పడుతుంది, ఇక ఆ పిల్ల కోడిపుంజుని చంకన పెట్టుకుని ఊరంతా తిరగడమే కథ.

ఇప్పుడు ఆట సౌదీ చేతిలో ఉంది. ఈ దేశం కథ వింతే, 80ల నుంచి చాలా ఏళ్ళు అక్కడ థియేటర్లే లేవు. 2012లో వెనిస్‌లో వాడ్జ్‌దా అనే సినిమా వేశారు, సైకిల్ కావాలని పట్టుబట్టే రియాద్ పిల్ల కథ, పూర్తిగా సౌదీలోనే తీసిన మొదటి ఫీచర్. డైరెక్టర్ హైఫా అల్ మన్సూర్ ఆడమనిషి కావడంతో వీధిలో మగవాళ్ళతో కలిసి పనిచేస్తూ కనిపిస్తే గొడవవుతుందని చాలా సీన్లకి వ్యాన్లో కూచుని మానిటర్ చూస్తూ వాకీటాకీలో యాక్షన్ చెప్పింది. తీసింది సౌదీలో, ప్రొడ్యూసర్లు జర్మన్లు, చూసింది ఇటలీలో, సొంత దేశంలో వేద్దామంటే హాలే లేదు. రచ్చ గెలిచి ఇంటికి రాలేకపోవడం అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మొదటి థియేటర్ తెరిచారు, 2021 డిసెంబర్‌లో జెడ్డాలో రెడ్ సీ ఫెస్టివల్ మొదలైంది, ఆ సంస్థ డబ్బు ఇప్పుడు ఎంతదూరం పోతోందంటే 2023లో కేన్స్ ఓపెనింగ్ సినిమా జాన్ దు బారీ, ఫ్రాన్స్ రాజు ప్రియురాలి కథ, అందులో కూడా వాటా ఉంది. ఒకప్పుడు ఫ్రెంచ్ డబ్బు కోసం అరబ్బులు క్యూ కట్టేవాళ్ళు. తౌఫీక్ అల్ జైదీ తీసిన నోరా ముందు 2023లో జెడ్డాలో ఉత్తమ సౌదీ సినిమా అనిపించుకుని ఆ తర్వాత 2024లో కేన్స్ అఫీషియల్ సెలెక్షన్‌లోకి వెళ్ళింది, సౌదీ సినిమా అక్కడికి వెళ్ళడం అదే ఫస్ట్, పైగా ఇంట గెలిచాకే రచ్చ గెలిచింది. డబ్బున్నవాడికి సామెతలు కూడా సరైన వరసలో నడుస్తాయి మరి. ఈ డబ్బుతో దేశం ఇమేజ్ కడుక్కుంటున్నారన్న విమర్శ ఉంది, అది గట్టి విమర్శే, అదే డబ్బు లేకపోతే ఇవాళ సూడాన్, ట్యునీషియా, జోర్డాన్ సినిమాలు సగం ఆగిపోతాయన్నది కూడా గట్టి నిజమే, ఈ రెండిట్లో ఏదో ఒకటే చెప్పేవాళ్ళని నమ్మక్కర్లేదు.

ఈ హడావిడి అంతటికీ ముందు నుంచీ ఉన్నది కార్తేజ్. 1966లో తాహర్ షరియా అనే ట్యునీషియా ఆయన మొదలుపెట్టాడు, అరబ్ సినిమానీ ఆఫ్రికా సినిమానీ ఒకే గొడుగు కిందకి తెచ్చి, మొదటి ఏడాదే అక్కడి పెద్ద బహుమతి బంగారు తానిత్‌ని సెనెగల్ డైరెక్టర్ ఉస్మాన్ సెంబెన్‌కి ఇచ్చారు. దీని గొప్పతనం స్టార్లలో లేదు, జనంలో ఉంది. ట్యునిస్ బోర్గీబా అవెన్యూలో కుర్రాళ్ళు టికెట్ కోసం వరసలో నిలబడి సూడాన్ సినిమా, మొరాకో సినిమా చూస్తారు. మామూలు రోజుల్లో ఒక అరబ్ దేశం సినిమా ఇంకో అరబ్ దేశంలో ఆడటమే కష్టం, ట్యునీషియా, అల్జీరియా సినిమాని కైరోలో వెయ్యాలంటే అరబిక్ సినిమాకే అరబిక్ సబ్‌టైటిల్స్ వెయ్యాలి. దుబాయ్ మల్టీప్లెక్సులో తెలుగు సినిమా కింద అరబిక్ సబ్‌టైటిల్స్ చూసినవాళ్ళకి ఇందులో ఉన్న ఎగతాళి అర్థమవుతుంది, అక్కడ తెలుగు మాస్ సినిమాకి స్క్రీన్ దొరికినంత సులువుగా మొరాకో సినిమాకి దొరకదు. 2015 నవంబర్ 24న సరిగ్గా ఫెస్టివల్ మధ్యలో ట్యునిస్ నడిబొడ్డున ప్రెసిడెంట్ గార్డుల బస్సు మీద బాంబు దాడి జరిగింది, ఎమర్జెన్సీ, కర్ఫ్యూ పెట్టారు. ఫెస్టివల్ ఆపలేదు, షోల టైమింగ్స్ మార్చుకుని నడిపించారు, జనం వచ్చారు.

ఆ ట్యునీషియా నుంచే ఇప్పటి తరంలో అందరికంటే ముందున్న కౌతర్ బెన్ హనియా వచ్చింది. ఈ సర్క్యూట్ లోపల ఉంటూనే ఈ సర్క్యూట్‌ని వెక్కిరించడం ఆవిడకి బాగా వచ్చు. 2020లో ది మ్యాన్ హూ సోల్డ్ హిజ్ స్కిన్‌లో ఒక సిరియా శరణార్థి తన వీపు మీద షెంగెన్ వీసా పచ్చబొట్టు పొడిపించుకుంటాడు, ఎందుకంటే మనిషికి యూరప్ వీసా దొరకదు గానీ కళాఖండం అయిపోతే సరిహద్దులు దాటొచ్చు. ఫెస్టివల్ హాల్లో కూచుని ఇది చూస్తున్నవాళ్ళు ఎవరిని చూసి నవ్వాలి? ట్యునీషియాకి మొదటి ఆస్కార్ నామినేషన్ దానితోనే వచ్చింది. 2023లో ఫోర్ డాటర్స్ కేన్స్ మెయిన్ కాంపిటీషన్‌లో ఆడి ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతిని మొరాకో డైరెక్టర్ అస్మా ఎల్ ముదీర్‌తో పంచుకుంది. 2025 సెప్టెంబర్‌లో వెనిస్‌లో ది వాయిస్ ఆఫ్ హింద్ రజబ్, గాజాలో కారులో చిక్కుకుపోయిన చిన్నపిల్ల రెడ్ క్రెసెంట్ వాళ్ళకి చేసిన ఫోన్ కాల్ అసలు రికార్డింగే సినిమాలో వినిపిస్తుంది, మిగతాదంతా ఆ ఫోన్‌కి ఇవతల ఉన్న మనుషులు. హాల్లో చప్పట్లు 20 నిమిషాలు దాటాయని పేపర్లు రాశాయి, బహుమతి మాత్రం రెండోది వచ్చింది. చప్పట్లని నిమిషాల్లో కొలిచే ఈ అలవాటు ఏదో గానీ ఆ సినిమా ముందు మాత్రం చాలా చిన్నగా కనపడింది.

ఎవరిది అరబ్ సినిమా అన్న ప్రశ్నకి ఇంకా మెలికలున్నాయి. తారిక్ సాలేహ్ స్వీడన్‌లో పుట్టిన ఈజిప్ట్ మూలాలున్న డైరెక్టర్, ఆయన్ని ఈజిప్ట్ రానివ్వదు. 2022లో కేన్స్ స్క్రీన్‌ప్లే అవార్డు గెలిచిన బాయ్ ఫ్రమ్ హెవెన్ కథంతా కైరోలో అల్ అజర్ అనే ఇస్లామిక్ యూనివర్సిటీ‌లో జరుగుతుంది, తీసింది మాత్రం ఇస్తాంబుల్‌లో, ఆస్కార్‌కి పంపింది స్వీడన్. భాష అరబిక్, ఊరు టర్కీ, జెండా స్వీడన్, కోపం ఈజిప్ట్‌ది.

ఇంటి తలుపులు మెల్లిగా తెరిచే పని చేస్తున్నది ఫెస్టివల్స్ కాదు, కొన్ని చిన్న థియేటర్లు. కైరోలో 2014లో జావియా మొదలైంది, దాన్ని పెట్టింది షహీన్ స్థాపించిన కంపెనీయే. బీరూట్‌లో మెట్రోపోలిస్ ఆర్థిక సంక్షోభంలో 2020లో మూతపడి 2024 చివర్లో కొత్త చోట మళ్ళీ తెరుచుకుంది, దుబాయ్‌లో సినిమా అకీల్ ఉంది. కైరో స్టేషన్ చూసి 1958లో తిట్టుకుంటూ బయటికొచ్చిన ఊళ్ళోనే ఇప్పటి కుర్రాళ్ళు టికెట్ కొని షహీన్ సినిమాలు చూస్తున్నారు.

సూడాన్‌కి ఆ చిన్న థియేటర్ కూడా లేదు. 1989 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడ సినిమా హాళ్ళు ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి. 2019లో బెర్లిన్లో ఉత్తమ డాక్యుమెంటరీగా గెలిచిన టాకింగ్ అబౌట్ ట్రీస్‌లో నలుగురు ముసలి డైరెక్టర్లు ఒమ్‌దుర్మాన్‌లో మూతపడ్డ హాలు ఒకటి ఊడ్చి, తెర కట్టి, ఒక్క షో వేద్దామని పర్మిషన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు, జోకులేసుకుంటూ తిరుగుతారు, పర్మిషన్ రాదు. 2023 మేలో మొహమ్మద్ కుర్దొఫానీ సినిమా గుడ్‌బై జూలియా కేన్స్‌కి వెళ్ళింది, అఫీషియల్ సెలెక్షన్‌లో మొదటి సూడాన్ సినిమా, అన్ సర్టెన్ రిగార్డ్ అనే విభాగం‌లో ఫ్రీడమ్ ప్రైజ్. డైరెక్టర్ అంతకుముందు విమానాల ఇంజినీర్. సినిమా ఖార్టూమ్‌లో ఉత్తరాది ముస్లిం ఇల్లాలు, దక్షిణాది క్రైస్తవ పనిమనిషి మధ్య ఒక అబద్ధం మీద నిలబడ్డ స్నేహం, దేశం రెండుగా చీలేముందు రోజులు. కేన్స్‌లో వెయ్యడానికి నెల ముందు, ఏప్రిల్ 15న, ఖార్టూమ్‌లో రెండు సైన్యాల మధ్య యుద్ధం మొదలైంది, తెర మీద కనిపించే ఆ వీధుల్లోంచే జనం పారిపోతున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో కేరళ ఫిల్మ్ ఫెస్టివల్‌ని ఆ సినిమాతోనే మొదలుపెట్టారు. ఆ రాత్రి తిరువనంతపురంలో నిశాగంధి ఓపెన్ ఎయిర్ థియేటర్ నిండా జనం కూచుని యుద్ధానికి ముందున్న ఖార్టూమ్‌ని చూశారు.